ఎనభై దగ్గర వణికే స్టీరింగ్

ఊళ్లో నలభై దాటని వ్యాను హైవే ఎక్కి ఎనభై అందుకోగానే స్టీరింగ్ వణకడం మొదలవుతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లేవాళ్లకు హయత్‌నగర్, అబ్దుల్లాపూర్‌మెట్ దాటి రోడ్డు ఖాళీ అయ్యేదాకా ఆ సంగతే తెలియదు. ఏడాదంతా కూరగాయలు మోసిన వ్యానో, బడి పిల్లల్ని తిప్పిన వ్యానో ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని అన్నవరానికో తిరుపతికో బయల్దేరినప్పుడు ఈ జబ్బు బయటపడుతుంది. తిరిగొచ్చాక యజమాని షాపుల చుట్టూ తిరుగుతాడు. టైర్ల షాపులో బ్యాలెన్సింగ్ పోయిందంటారు. అలైన్‌మెంట్ సెంటర్‌లో అలైన్‌మెంట్ తప్పిందంటారు. మెకానిక్ జాకీ వేసి చక్రం ఊపి చూసి, "కింద సామానంతా అరిగిపోయింది సార్, మొత్తం మార్చేద్దాం" అంటాడు. ముగ్గురి మాటలోనూ ఎంతో కొంత నిజం ఉంటుంది. కానీ ఎవరి మెషీన్‌కు ఏది దొరికితే వాళ్లు అదే చెబుతారు కాబట్టి, ముగ్గురికీ డబ్బు కట్టాక కూడా వణుకు మిగిలిపోవచ్చు.

పాత వ్యానులో ఈ వణుకుకు దాదాపు ఎప్పుడూ ఇద్దరు దోషులుంటారు. ఒకటి వణికించేది: బరువు ఒకవైపు ఎక్కువైన చక్రం, గుండ్రం తప్పిన టైరు, వంగిన రిమ్ము, మందం సమంగా లేని బ్రేక్ డిస్కు. రెండోది, ఆ వణుకును అక్కడికక్కడే అణచాల్సింది పోయి చేతులదాకా మోసుకొచ్చేది: ఆడుతున్న బాల్ జాయింట్, పనైపోయిన షాక్ అబ్జార్బర్, నలిగిన బుష్. కొత్త బండిలో మొదటిది కాస్త ఉన్నా రెండోది ఉండదు కనుక డ్రైవర్‌కు తెలియదు. పాత బండిలో రెండోదాన్ని మాత్రమే మారిస్తే వణుకు కొన్నాళ్లు దాక్కుంటుంది, కొత్త సామాన్ని కూడా అరగదీసి మళ్లీ పైకొస్తుంది. మొదటిదాన్ని మాత్రమే సరిచేస్తే రిమ్ముకు చిన్న మట్టిపెళ్ల అంటుకున్నా మళ్లీ మొదలవుతుంది. అందుకే పానా పట్టేముందు వణుకు ఎప్పుడొస్తోందో, ఎప్పుడు పోతోందో చూసుకోవాలి. ఆ తర్వాత టైరు దగ్గర మొదలుపెట్టి లోపలికి వెళ్లాలి. ఈ వరస తప్పడం వల్లే ఎక్కువ డబ్బు వృథా అవుతోందని నా అభిప్రాయం.

ఎనభై దగ్గరే ఎందుకు అన్నదానికి చిన్న లెక్క ఉంది. మన దగ్గర ఇప్పటికీ వీధివీధినా కనిపించే ఓమ్నీనే తీసుకుందాం. 1984లో మారుతీ వ్యాన్‌గా వచ్చి, తర్వాత ఓమ్నీ పేరుతో 2019దాకా తయారైన బండి అది. ఇంజన్ ముందు సీట్ల కింద, నడిపేది వెనక చక్రాలు, ముందు మెక్‌ఫెర్సన్ స్ట్రట్లు, వెనక కమాన్ కట్టలు. దాని పన్నెండు అంగుళాల రిమ్ము మీది 145 సైజు టైరు ఒక చుట్టుకు సుమారు 1.7 మీటర్లు పోతుంది. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్లు. అంటే చక్రం సెకనుకు దాదాపు 13 సార్లు తిరుగుతుంది. ఇక చక్రం, హబ్బు, బ్రేకు కలిసి పైన స్ప్రింగుకూ కింద టైరులోని గాలికీ మధ్య ఇరుక్కుని ఉంటాయి. ఆ బరువుకు సొంతంగా ఊగే లక్షణం ఒకటుంది. మామూలు కార్లలో, చిన్న వ్యాన్లలో అది సెకనుకు 10 నుంచి 15 సార్ల మధ్య ఉంటుంది. ఈ రెండు లెక్కలూ ఎనభై చుట్టుపక్కల కలుస్తాయి. వేగం ఇంకా పెంచితే వణుకు తగ్గినట్టు అనిపించేది కూడా ఇందుకే. అది చూసి "వందలో పోతే బాగానే ఉంటుంది" అనుకునే డ్రైవర్లున్నారు. తప్పు తగ్గలేదు, చేతికి తెలియడం మాత్రమే తగ్గింది.

రిమ్ము అంచున ఒకచోట 30 గ్రాములు ఎక్కువున్నాయనుకోండి. నలభైలో అది ముప్పావు కిలో బలంతో చక్రాన్ని అటూ ఇటూ లాగుతుంది. ఎనభైలో ఆ బలం మూడు కిలోలు దాటుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది కనుక, ఊళ్లో వ్యాను బాగుందన్న మాటకు ఈ విషయంలో విలువ లేదు.

ఈ సమస్య మోటారు వాహనాల చరిత్రలో చాలా పాతది, ఒకప్పుడు చాలా పెద్దది కూడా. 1920లలో గాలి ఒత్తిడి తక్కువగా ఉండే లావుపాటి బెలూన్ టైర్లు వచ్చాయి. అదే కాలంలో ముందు చక్రాలకు కూడా బ్రేకులు పెట్టడం మొదలైంది. ముందు రెండు చక్రాలూ ఒకే ఇనుప యాక్సిల్‌కు బిగించి ఉండేవి. ఒక చక్రం గుంతలో పడి లేస్తే యాక్సిల్ ఏటవాలుగా వాలేది. గిర్రున తిరిగే చక్రాన్ని అలా వాలిస్తే అది పక్కకు తిరగాలని చూస్తుంది. స్టీరింగ్ తిరిగితే యాక్సిల్ మళ్లీ వాలుతుంది. ఇలా ఒకదాన్నొకటి ఎగదోసుకుంటూ ముందు భాగం మొత్తం కొట్టుకునేది. ఫ్రాన్స్‌లో ఇంజనీర్ జార్జ్ బ్రూలియే 1925లోనే దీని మీద రాశారు. రోల్స్ రాయిస్ నుంచి 1930లో అమెరికాలో జనరల్ మోటార్స్‌కు చెందిన కాడిలాక్‌కు వెళ్లిన మోరిస్ ఆలీ, రెండు చక్రాల్నీ విడివిడిగా వేలాడదీస్తే తప్ప ఈ గొలుసు తెగదని పట్టుబట్టిన ఇంజనీర్లలో ముఖ్యుడు. 1934 మోడల్ జనరల్ మోటార్స్ కార్లలో ఇండిపెండెంట్ ఫ్రంట్ సస్పెన్షన్ రావడం వెనక ఆయన కృషి ఉంది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో హాన్స్ పాసెజ్కా 1966లో సమర్పించిన డాక్టరేట్ పరిశోధన కూడా చక్రాల ఈ ఊగుడు మీదే. జాయింట్లలోని కొద్దిపాటి లూజు, రాపిడి ఈ ఊగుడును ఎలా మారుస్తాయో అందులో లెక్క కట్టారు.

ఈ చరిత్ర మన షెడ్డులో ఎందుకంటే, ఒకే పేరుతో పిలిచే రెండు వేర్వేరు జబ్బులు అందులో విడిపోతాయి. ఒకటి చక్రంలోని తేడా వల్ల వచ్చే వణుకు. చక్రం ఎన్ని చుట్లు తిరిగితే అన్నిసార్లు కొడుతుంది, ఒక వేగం దగ్గర మొదలై ఒక వేగం దగ్గర పోతుంది. ఓమ్నీ, ఈకో లాంటి స్ట్రట్ వ్యాన్లలో ఎక్కువగా చూసేది దీన్నే. రెండోది తనను తానే పోషించుకునే ఊగుడు. దానికి మొదట ఒక్క దెబ్బ చాలు: బ్రిడ్జి అతుకో, ప్యాచ్ వేసిన గుంతో. ఆ తర్వాత రోడ్డు నున్నగా ఉన్నా స్టీరింగ్ చేతుల్లో కొట్టుకుంటూనే ఉంటుంది, బాగా నెమ్మదిస్తే తప్ప ఆగదు. ముందు కూడా కమాన్ కట్టలు, ఒకే యాక్సిల్ ఉన్న పాత టెంపో ట్రావెలర్లలో, కమాండర్ జీపుల్లో కనిపించేది ఇది. మొదటి జబ్బుకు చక్రాల దగ్గర, రెండోదానికి జాయింట్ల దగ్గర వెతకడం మొదలుపెట్టాలి. ఏ జబ్బో తేల్చకుండా బండిని జాకీ ఎక్కించడం దండగ.

తేల్చుకోవడానికి ఖాళీ రోడ్డు, పక్కన కూర్చుని రాసుకునే మనిషి ఉంటే చాలు. వణుకు ఏ వేగంలో మొదలైంది, ఏ వేగంలో పోయింది, చేతుల్లో తెలుస్తోందా సీటు కింద తెలుస్తోందా అన్నవి చూడాలి. చేతుల్లో తెలిస్తే ముందు చక్రాలు, నడుముకు తెలిస్తే వెనక చక్రాలు లేదా ప్రొపెల్లర్ షాఫ్ట్ అన్నది స్థూలంగా నమ్మదగిన గుర్తు. ఎనభైలో ఉండగా యాక్సిలరేటర్ వదిలి చూడండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడే వణికి, వదిలితే పోతే అది చక్రాల పని కాదు. యూజే క్రాస్, ఇంజన్ మౌంటింగులు చూడాలి. బ్రేకు తొక్కినప్పుడే స్టీరింగ్ కొట్టుకుంటే డిస్కులు. విజయవాడ దారిలో పంతంగి టోల్ దగ్గర వేగం తగ్గించేటప్పుడు ఇది తేటగా తెలిసిపోతుంది. ఇరవై ముప్పైలోనే స్టీరింగ్ మెల్లగా అటూ ఇటూ ఊగుతుంటే టైరు లోపలి పొరలు విడిపోయాయేమోనని అనుమానించాలి. ఈ ఒక్క లక్షణం కనిపిస్తే ఆ టైరు మీద హైవే ఎక్కకూడదు.

పరీక్షకు వెళ్లేముందే చూడాల్సినవి రెండున్నాయి. చక్రాల నట్లు బిగుతుగా ఉన్నాయా, గాలి సరిగ్గా ఉందా. ఎంత చిన్న విషయమైనా నట్లు వదులై వణికే బండ్లు వస్తూనే ఉంటాయి.

ఇక చక్రాలు. ఇక్కడ ఎంత సమయం పెట్టినా తక్కువే. మొదటి పరీక్షకు రూపాయి ఖర్చు లేదు: ముందు చక్రాల్ని వెనక్కి, వెనకవి ముందుకి మార్చి అదే రోడ్డు మీద నడపండి. వణుకు స్టీరింగ్ నుంచి సీటు కిందికి పోతే దోషి చక్రమే. ఆపైన స్టెప్నీ బాగుంటే ఒక్కో చక్రం స్థానంలో దాన్ని వేసి ఏ చక్రమో కూడా పట్టుకోవచ్చు. వేల రూపాయల సామాను మార్చాక ఈ పని చేసే బదులు ముందే చేయాలి.

చక్రం విప్పినప్పుడు రిమ్ము లోపలి వైపు చూడండి. పొలాల దారుల్లో తిరిగే వ్యాన్లలో నల్లరేగడి మట్టి రిమ్ము లోపలి గాడిలో పేరుకుని, ఎండి, రాయిలా అంటుకుపోతుంది. వంద గ్రాముల పెళ్ల ఉన్నా బయటికి కనపడదు. దాన్ని గీకి కడిగితే పోయే వణుకుకు స్ట్రట్లు మార్చిన సందర్భాలు షెడ్డుల్లో కొత్త కాదు. మట్టి ఉండగానే బ్యాలెన్సింగ్ చేయిస్తే ఇంకో ఇబ్బంది: ఆ మట్టికి సరిపడా సీసం బిళ్లలు ఎదురుగా కొడతారు. మొదటి వానకు మట్టి కరిగిపోతుంది, బిళ్లలు మిగులుతాయి, వణుకు ఎదురు దిక్కు నుంచి మొదలవుతుంది. హబ్బు మొహం మీద, రిమ్ము ఆనే చోట తుప్పు పొక్కులున్నా చక్రం నిటారుగా కూర్చోదు. వైర్ బ్రష్‌తో రుద్దాలి. నట్లు వరసగా కాక ఎదురెదురుగా, చక్రం ఇంకా గాలిలో ఉండగానే కొద్దికొద్దిగా బిగించాలి.

జాకీ మీద ఉన్న చక్రం పక్కన స్టాండుకు ఒక స్క్రూడ్రైవర్ కట్టి, దాని మొన రిమ్ము అంచుకు దాదాపు తగిలేలా పెట్టి మెల్లగా తిప్పండి. సందు పెరిగి తరుగుతుంటే రిమ్ము వంగింది. మిల్లీమీటరున్నర దాటిందంటే బెండు తీయించడమో మార్చడమో చేయాలి. తర్వాత మొనను టైరు నడి మీదికి జరిపి మళ్లీ తిప్పండి. ఇక్కడే చాలామంది మోసపోతారు. బ్యాలెన్సింగ్ మెషీన్ బరువును మాత్రమే చూస్తుంది, గుండ్రాన్ని చూడదు. అన్నివైపులా బరువు సరిచేసినా కోడిగుడ్డు బంతిలా దొర్లదు, గుండ్రం తప్పిన టైరూ అంతే. మెషీన్ సున్నా చూపిస్తుంది, బండి వణుకుతుంది. అటువంటప్పుడు టైరు మార్చడం తప్ప దారి లేదు. నెలల తరబడి ఒకేచోట నిలబెట్టిన వ్యాను టైరు అడుగు చదునవుతుంది. కొంతదూరం పోయి టైరు వేడెక్కాక వణుకు పోతే అది ఈ రకం. వేడెక్కినా పోకపోతే ఆ చదును శాశ్వతమే. అరుగుదల లేదని మురిసిపోకుండా టైరు పక్కనున్న నాలుగంకెల తేదీ చదవండి. 2315 అంటే 2015లో ఇరవై మూడో వారం. తక్కువ తిరిగే వ్యాన్లలో గాడి నిండుగా ఉండి రబ్బరు ముసలిదైపోయిన టైర్లు ఎక్కువ. రీబటన్ టైర్లను ముందు చక్రాలకు వేయడాన్ని నేను ఏ ధరకూ ఒప్పుకోను.

బ్యాలెన్సింగ్ చేయించేటప్పుడు ఒక చిన్న పరీక్ష అడగండి. మెషీన్ సున్నా చూపించాక చక్రాన్ని వదులుచేసి, సగం చుట్టు తిప్పి, మళ్లీ బిగించి తిప్పమనండి. రెండోసారి కూడా సున్నాకు దగ్గరగా రావాలి. ఇరవై, ముప్పై గ్రాములు చూపిస్తే చక్రం మెషీన్ కోను మీద సరిగ్గా కూర్చోలేదు. మొదటి సున్నాకు అర్థం లేదు. పనివాడు విసుక్కున్నా ఇది అడగడం మన హక్కు, బిళ్లలకు గ్రాముల లెక్కన డబ్బు కట్టేది మనమే.

చక్రాలు తేలాక జాయింట్లు. బండిని స్టాండ్ల మీద నిలిపాకే కిందికి చేతులు పెట్టాలి, జాకీని మాత్రమే నమ్మకూడదు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడుతుంటే, పక్కన ఉన్న మనిషిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కగానే ఆట పోతే అది వీల్ బేరింగ్. బ్రేకు తొక్కినా ఆడుతుంటే బాల్ జాయింట్ లేదా కింగ్ పిన్. కుడి ఎడమల పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే ఆడితే టై రాడ్ ఎండ్, రాక్ లోపలి జాయింట్ చూడాలి. వీటికన్నా మంచి పరీక్ష ఇంకోటుంది: చక్రాలు నేల మీదే ఉంచి, ఇంజన్ ఆపి, ఒకరు స్టీరింగ్‌ను రెండంగుళాల మేర అటూ ఇటూ గబగబా కదుపుతుంటే మీరు కింద ఒక్కో జాయింట్ మీద వేలు పెట్టండి. కంటికి కనపడని లూజు వేలికి టక్కుమని తెలుస్తుంది. ఓమ్నీలో కింది బాల్ జాయింట్ బండి బరువు మోయదు, చక్రాన్ని కుదురుగా పట్టి ఉంచుతుంది. అందువల్ల చేత్తో ఊపితే తెలియకపోవచ్చు, రాడ్డు పెట్టి ఎత్తి చూడాలి. లోయర్ ఆర్మ్ బుష్‌ల రబ్బరు పగిలిందా, స్ట్రట్ పై మౌంట్ దగ్గర చప్పుడుందా, స్ట్రట్ ఒంటిమీద నూనె కారిందా అన్నవీ ఇప్పుడే చూసుకోవాలి. స్టీరింగ్ వదులుగా ఉందని రాక్ స్క్రూ బిగించి పంపడం కొన్ని షెడ్డుల్లో అలవాటు. అది చెడ్డ వైద్యం. వణుకు చేతికి తక్కువ తెలుస్తుంది, స్టీరింగ్ మలుపు తర్వాత తనంతట తాను తిరిగి రాదు.

ముందు ఒకే యాక్సిల్ ఉన్న పెద్ద వ్యాన్ల సంగతి వేరని చెప్పాను. వాటిలో కింగ్ పిన్, దాని బుష్‌లు, డ్రాగ్ లింకు, టై రాడ్ ఎండ్లు, కట్టల షాకిల్ పిన్నులు, యూ బోల్టులు అన్నీ చూడాలి. ఒక్కోదాంట్లో కొంచెం లూజున్నా చాలు, అన్నీ కలిసి ఊగుడుకు సరిపడా చోటిస్తాయి. కింగ్ పిన్నుకు గ్రీజు కొట్టేటప్పుడు యాక్సిల్‌ను జాకీతో లేపి, బరువు తీసి కొట్టాలి. బరువు మీద ఉండగా కొడితే గ్రీజు అవసరమైన మొహాల మధ్యకు చేరదు. పాత గ్రీజు నెట్టుకుని కొత్త గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టాలి. వెనక కట్టలు కూర్చుండిపోయిన వ్యానుకు పైన క్యారియర్ నిండా సామానేసి, లోపల నిండుగా జనాన్ని ఎక్కిస్తే వెనక దిగి ముందు లేస్తుంది. దాంతో ముందు చక్రాల క్యాస్టర్ కోణం పెరిగిపోయి ఊగుడు తేలిగ్గా మొదలవుతుంది. అంటే ముందు వణుకుకు మూలం వెనక కట్టల్లో ఉండొచ్చు. ఇలాంటి బండికి కొత్త స్టీరింగ్ డ్యాంపర్ వేసి పంపేవాళ్లున్నారు. డ్యాంపర్ పనిచేస్తున్నంతకాలం అరిగిన జాయింట్ల సంగతి డ్రైవర్‌కు తెలియదు. అవి ఇంకా అరిగి, డ్యాంపర్ కూడా పోయిన రోజున బండి నిండా జనం ఉంటారు. డ్యాంపర్ వేయాల్సింది జాయింట్లన్నీ సరిచేశాకే.

దారిలో ఈ ఊగుడు మొదలైతే బ్రేకు గట్టిగా తొక్కకూడదు. స్టీరింగ్‌ను కుదురుగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలి, వెనక వచ్చేవాళ్లకు సూచన ఇస్తూ నెమ్మదించాలి.

డిస్కుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మందంలో మిల్లీమీటరులో వందో వంతుల తేడా వచ్చినా కాలికి తెలుస్తుంది. లేత్ మీద పట్టించేముందు డిస్కు మీద అచ్చేసిన కనీస మందం చూసుకోవాలి. అంతకు తగ్గితే కొత్తది వేయాల్సిందే.

అలైన్‌మెంట్‌ను చివర్లో పెట్టడం చాలామందికి వింతగా ఉంటుంది. అలైన్‌మెంట్ తప్పితే బండి ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది, కానీ దానంతట అదే సెకనుకు 13 సార్లు స్టీరింగ్‌ను కొట్టదు. అలైన్‌మెంట్ తప్పి టైరు మెట్లు మెట్లుగా అరిగాక ఆ టైరు వణికిస్తుంది, అంతే. పైగా జాయింట్లలో లూజుండగా కొలిచిన కోణాలు బండి గేటు దాటేలోపే మారిపోతాయి. జాయింట్లు మార్చాక మాత్రం అలైన్‌మెంట్ తప్పనిసరి. టై రాడ్ ఎండ్ మార్చి అలైన్‌మెంట్ చేయించకపోతే కొత్త టైర్లు అప్పుడే అరగడం మొదలుపెడతాయి.

సామాను కొనేటప్పుడు పాతదా కొత్తదా అన్న ప్రశ్న వస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో పాత బండ్ల సామాను వెతికితే దొరకనిది తక్కువ. హబ్బు, స్టీరింగ్ నకిల్, రిమ్ము పాతవి తీసుకోవచ్చు, తిప్పి చూసి తీసుకోవాలి. బాల్ జాయింట్, టై రాడ్ ఎండ్, బుష్, స్ట్రట్ పాతవి ఎంత చవకగా వచ్చినా వద్దు. స్ట్రట్లు జతగానే మార్చాలి. బిగింపులో జరిగే ఒక తప్పు కొత్త బుష్‌ల ఆయుష్షును సగానికి సగం తీసేస్తుంది. లోయర్ ఆర్మ్ బోల్టును చక్రం గాలిలో వేలాడుతుండగా పూర్తిగా బిగిస్తే, బండి దిగగానే లోపలి రబ్బరు మెలిపడి ఉండిపోయి త్వరగా చిరుగుతుంది. బోల్టు వదులుగా ఎక్కించి, బండిని దించి, బరువు చక్రాల మీద పడ్డాక ఆఖరి బిగింపు ఇవ్వాలి. టై రాడ్ నట్లకు స్ప్లిట్ పిన్నులు పడ్డాయో లేదో బండి షెడ్డు దాటేముందు మన కళ్లతో చూసుకోవాలి.

పనంతా అయ్యాక, మొదటిసారి నడిపిన రోడ్డు మీదే, అంతే బరువుతో, అవే వేగాల్లో మళ్లీ నడిపి పాత కాగితంతో పోల్చండి. వణుకు అదే ఎనభై దగ్గర ఉండి బలం మాత్రం తగ్గితే, వణికించేది తగ్గింది గానీ పూర్తిగా పోలేదు, చక్రాలు ఇంకోసారి చూడాలి. వణుకు ఎనభై నుంచి తొంభైకో తొంభై అయిదుకో జరిగితే, కింది సామాను గట్టిపడి ముందు భాగం ఊగే లెక్క పైకి పోయింది, వణికించేది మాత్రం అలాగే ఉంది. చాలాసార్లు అది బ్యాలెన్సింగ్‌లో దొరకని, గుండ్రం తప్పిన టైరే అవుతుంది. దాన్ని మార్చి, చక్రం నట్లను వంద కిలోమీటర్ల లోపు మరోసారి బిగించి చూసుకోవాలి.